గడ్డిమందు నింపిన పొద్దు

నేను ఒక మందు కొట్టే పంపుని. పల్నాడులో ఒక మిరప చేనుకి ఏళ్ల తరబడి చాకిరీ చేశాను. నన్ను కొన్న ఇన్నయ్య నాలో పోయని విషం లేదు. పురుగులతోపాటు వానపాములూ చచ్చాయి. నాగలి దిగనంతగా నేల బిగుసుకుంది. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, నన్ను వీపున మోస్తూనే, ఇన్నయ్య నోట నురగతో సాళ్ల మధ్య కూలిపోయాడు. మళ్లీ లేవలేదు.

అతని భార్య శౌరమ్మ నన్ను కాలవలో పడేస్తుందనుకున్నాను. బూడిదేసి తోమి, వేపగింజల కషాయం పోసింది. చేనుకి పశువుల ఎరువు తోలింది. మొదట్లో దిగుబడి పడిపోతే ఊరు నవ్వింది. రానురాను నేల గుల్లబారింది, వానపాములు తేలాయి. విషం లేని కాయ కావాలంటూ పట్నం నుంచి కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

పక్క చేను ఆమె మరిది జోజిది. ఆ ఏడు అతని కాయలో మందు ఎక్కువుందని వ్యాపారులు తిప్పి పంపారు. వదిన కాయకి గిరాకీ చూసి అతనికి కడుపు మండింది. కొనేవాళ్లు రావాల్సిన పొద్దున పాకలోంచి నన్ను లాక్కెళ్లి, గడ్డిమందు నింపి, ఆమె సాళ్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

శౌరమ్మ పరిగెత్తుకొచ్చింది. "జోజీ! ఆపరా! నా చేను చంపుతున్నావురా!"

"నా కాయ ఎవడికీ అక్కర్లేనప్పుడు నీది మాత్రం ఎందుకు వదినా?" అంటూ నా మూతిని ఆమె ముఖం మీదికి తిప్పాడు.

ఆమె కెవ్వుమంది. కళ్లు మూసుకునే నా గొట్టం పట్టి గుంజింది. అతని భుజం మీది నా పట్టీ తెగింది. నన్ను రెండు చేతులా ఎత్తి అతని భుజం మీద మోదింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. జోజి మూతి నేలకి కొట్టుకునేలా పడిపోయాడు. ఆమె మళ్లీ ఎత్తింది, ఈసారి తలకి.

"వదినా..." అన్నాడు, నోట్లోంచి రక్తం కారుతుంటే.

అన్న పడ్డట్టే సాళ్ల మధ్య పడి ఉన్నాడు. ఆమె చేతుల్లో నేను గాల్లోనే ఆగిపోయాను.

అంతలో పట్నం బండి వచ్చింది. గడ్డిమందుకి మొక్క మాడాలంటే రెండ్రోజులు పడుతుంది, చేను ఇంకా పచ్చగానే ఉంది. "కాయ భలే ఉందమ్మా, కోయించండి," అన్నారు వాళ్లు.

వాచిన కళ్లతో శౌరమ్మ అంది: "అమ్మను. దీనిమీద మందు పడింది. ముందు ఇతన్ని ఆస్పత్రికి చేర్చండయ్యా."

సాయంత్రం నన్ను గునపంతో ముక్కలు చేసి పాత సామాన్ల కుప్పలో పడేసింది. తప్పు నాదేనన్నట్టు! తర్వాత చేతులు కడుక్కుని, కట్టు కట్టించుకొచ్చిన జోజికి అన్నం కలిపి ముద్ద పెట్టింది.

"చెయ్యి కుదిరాక నా చేను నువ్వే దున్నాలి," అంది.

జోజి ఏడుస్తూ నమిలాడు.