బురదమేటలోని గొట్టాలు

సీసా మూత తియ్యగానే వెనిగర్ వాసన గుప్పుమంది.

"ఇందులో ఏం పోశావు, ఎదెల్మీరా?"

"వెనిగరే, దోన్ బౌతిస్తా. ఆలుచిప్పలు నెలల తరబడి పాడవకుండా ఉండేది అందులోనేగా! మీ పురుగులేమన్నా దొరబిడ్డలా, వాటికి వేరే మందు కావాలనడానికి?"

ఆమెను ఏమనగలను? చిలోయే దీవిలో ఏ ఇల్లాలైనా చేసే పనే చేసింది. స్పిరిట్ పొయ్యమని వారం కిందటే చెప్పవలసినవాణ్ణి నేను. బురదలో సన్నని గొట్టాలు కట్టుకుని బతికే ఈ రొయ్యజాతి చిన్న ప్రాణుల పెంకులోని సున్నాన్ని వెనిగర్ కరిగించేస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కాళ్లూ మీసాలూ ఊడి, ఉడికిన సేమ్యాలా కనిపించాయి. జాతి పేరు చెప్పాలంటే మగదాని మీసంలోని లావుపాటి కణుపును చూడాలి. అదే మిగల్లేదు.

మా బురదమేటను మట్టితో పూడ్చి రేవు కట్టడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. గొట్టాలన్నీ ఖాళీగా ఉన్నాయనీ, బురద ఎప్పుడో చచ్చిపోయిందనీ వాళ్ల నిపుణుడు రాశాడు. అతని జల్లెడ కన్నాలు పెద్దవి. గింజంత ప్రాణులు నీళ్లతో పాటే జారిపోయి ఉంటాయి. మేటలో ప్రాణి ఉందని, దాని జాతి పేరుతో సహా, పట్టణంలోని అనుమతుల కార్యాలయానికి ఫారం ఇవ్వడానికి ఈ సాయంత్రం ఐదు వరకే గడువు. పట్టణానికి ఆఖరి లాంచి మూడున్నరకు. ఆ మేటలో ఆలుచిప్పలు తవ్వుకుని బతికే ఆడవాళ్లు ముప్పైనలుగురు. వాళ్ల పెద్ద ఎదెల్మీరా.

"ఇంకా ఆటే ఉంది, నీళ్లు వెనక్కే ఉన్నాయి. లేవండి," అందామె.

మేట మీదికి వెళ్లేసరికి రెండు దాటింది. దూరాన పోటు మొదలైంది. మోకాళ్ల మీద కూర్చుని అగ్గిపుల్లంత గొట్టాలను సూదితో చీలుస్తూ పోయాను. ఖాళీ. మరొకటి, అదీ ఖాళీ. నలభై చీల్చాను. ఆ నిపుణుడు రాసిందే నిజమేమోనని మొదటిసారి భయం వేసింది.

"ఇలా ధబధబా నడిస్తే అవి ఇంట్లో ఉంటాయా? ఎవరైనా తలుపు తడితే మీరు మాత్రం దొడ్డిదారిన పారిపోరూ!" అంటూ ఎదెల్మీరా ఒక చెక్కపలక పరిచి, దాని మీద బోర్లా పడుకుంది. నీళ్లు అప్పుడే తడుపుతున్న అంచు దగ్గర అరచేతిని మెల్లగా కిందికి దూర్చి, బురదపెళ్లను కదలకుండా ఎత్తింది. నా గాజు గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి అందులో దించింది. "నోరు మూసుకుని చూడండి, ప్రొఫెసరు గారూ."

చూస్తూ ఉన్నాను. నీళ్లు మా చీలమండలకు వచ్చాయి. అప్పుడు ఒక గొట్టం కొస నుంచి రెండు బలిసిన మీసాలు బయటికి వచ్చి నీటిని తోడసాగాయి. మగది.

భూతద్దం పెట్టాను. కణుపు లోపలి వైపు పన్ను లాంటిది ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. దాన్ని చంపి, మీసం కోసి, గాజు పలక మీద పరిస్తే తప్ప తేలదు. అందుకు గంట పడుతుంది. ఒడ్డు దగ్గర లాంచి కూత పెట్టింది.

"ఏదో ఒక పేరు రాసెయ్యండి! దాని మీసాలు ఎవడు లెక్కపెడతాడు?"

"నేను లెక్కపెడతాను."

"అయితే మా ముప్పైనలుగురి పేర్లూ ఇప్పుడే కొట్టెయ్యండి."

ఫారం తడిసిపోతోంది. జాతి పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంటే గుమాస్తా తిప్పికొట్టవచ్చు. ముప్పై ఏళ్లలో నిర్ధారణ కాని పేరు కింద నేను సంతకం చెయ్యలేదు. "జాతి ఇంకా తేలలేదు, మగది, ఈరోజు మేటలోనే ప్రాణంతో దొరికింది, గిన్నెలో చూడవచ్చు" అని రాసి సంతకం చేశాను.

"ఇక చంపను. దీన్నీ ఫారాన్నీ నువ్వే తీసుకెళ్లు, అర్జీ మీ వాళ్లదేగా. మూత పెట్టకు, ఒళ్లో పెట్టుకోకు, నీ ఒంటి వేడికి నీళ్లు వెచ్చబడతాయి."

ఆమె ఫారాన్ని తలగుడ్డలో దోపుకుని, గిన్నెను రెండు చేతులా పట్టుకుని, నడుము లోతు నీళ్లలో లాంచి వైపు నడిచింది. పైకి లాగబోయిన మనిషిని "ముందు దీన్ని పట్టుకోరా, దద్దమ్మా!" అని కసిరింది. లాంచి కదిలింది. పట్టణం గంట దూరం. అంత కొద్దిపాటి నీళ్లలో అది ఎంతసేపు బతుకుతుందో నేనెప్పుడూ కొలిచి చూడలేదు.