సగం ధరకే

బ్రెడ్డు ట్రేలు చివరి దుకాణంలో దించేసి అతను వ్యాను మళ్ళీ స్టార్టు చేశాడు. ఇంజను లోపల ఎవరో పళ్ళు నూరుతున్నట్టు ఒకటే గరగర. ఇన్నాళ్ళూ రేడియో గొంతు పెంచి ఆ మోతను కప్పేస్తూ వచ్చాడు గానీ, ఈ పొద్దున రేడియో కూడా దానికి లోకువైపోయింది.

షెడ్డులో మేస్త్రీ ముందు మూత విప్పి, లైటు వేసి చూసి పెదవి విరిచాడు.

"బెల్టు ఒక్కటే మారిస్తే లాభం లేదన్నా. దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు చక్రమూ, పక్కన తిరిగే ఐడ్లరు చక్రమూ రెండూ అరిగిపోయాయి. ఏది పట్టేసినా బెల్టు తెగుతుంది, దాంతో ఇంజనే పోతుంది. బెల్టు నా దగ్గరుంది. ఆ రెండూ పట్టుకురా."

ఆ రోజు అతని భార్యకు సెలవు. ఆసుపత్రి లాండ్రీలో పరాయివాళ్ళ దుప్పట్లు ఉతికి ఉతికి ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటాయి. పాత సామాన్ల బజారుకు తోడు రమ్మంటే సంచీ తీసుకుని బయల్దేరింది. బస్సులో కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"ఈ ఒక్కసారికీ కొత్తవి కొనకూడదూ? ఆ బండి మీదే కదండీ మన కూడు."

"కొత్తవాటికేమైనా కొమ్ములుంటాయా? సగం ధరకే దొరుకుతుంటే."

అన్న విడిచిన చొక్కాలు తొడుక్కుని పెరిగిన మనిషి. కొత్త బట్ట వాసన తగిలితే ఎవరో తనను మోసం చేస్తున్నట్టుండేది. మూతబడ్డ లాడ్జీలోంచి మంచం తెచ్చాడు. ఎవరో అమ్ముకుపోయిన ఫ్యాను తెచ్చాడు. కొన్న వస్తువు కంటే తగ్గించిన ధర మీదే అతనికి ప్రేమ ఎక్కువ. మొదటి భార్య జ్వరంతో పోయాక, మొగుడు కొట్టి వెళ్ళగొట్టిన ఈమెను చేసుకున్నాడు. ఏనాడూ చెయ్యెత్తలేదు, కేకలెయ్యలేదు. ఇంతకంటే ఏ ఆడదానికైనా ఏం కావాలని అతని నమ్మకం.

బజారులో నేలంతా నూనె తాగి నల్లబడి ఉంది. రెక్కలు విరిచినట్టు తలుపులు ఊడదీసిన కార్లు, గుట్టలుగా గేరుబాక్సులు. తెలిసిన దుకాణదారు బల్ల కింది నుంచి ఒక డబ్బా లాగి, అతని వ్యానుకు పట్టే చక్రాలన్నీ గోనెపట్టా మీద కుమ్మరించాడు.

"వాడినవి. గ్యారంటీ అడక్కు."

"అడుగుతానా? నా ఇంట్లో వాడనిది ఏముంది గనక?" అతను హుషారుగా నవ్వాడు. "మంచం సెకండ్ హ్యాండు, ఫ్యాను సెకండ్ హ్యాండు, ఆఖరికి..." అంటూ గడ్డంతో భార్య వైపు చూపించాడు.

దుకాణదారు పకపకా నవ్వాడు. పక్క కొట్టువాడూ నవ్వాడు. తనదీ రెండో పెళ్ళేనన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

ఆమె నవ్వలేదు, తల దించుకోనూ లేదు. పట్టా ముందు గొంతుక్కూర్చుని ఒక్కో చక్రాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పింది. గరగరలాడినవి పక్కన పెట్టింది. నిశ్శబ్దంగా తిరిగినవి రెండు చేతిలో మిగిలాయి.

"ఇవి ఏ బండివి?" అని దుకాణదారును అడిగింది.

"గోడకు గుద్దుకున్న బండిదమ్మా. డ్రైవరు తాగి నడిపాడట. బండి నుజ్జయింది గానీ ఇవి చెక్కుచెదరలేదు."

"అయితే తప్పు వీటిది కాదన్నమాట," అంది ఆమె. వాటిని కొంగుతో తుడిచి సంచీలో వేసుకుంది.

అతను ధర తెగ్గొట్టే పనిలో ఉన్నాడు. ఆ మాట చెవిన పడింది, మనసుకెక్కలేదు.

తిరుగు బస్సులో దారి పొడుగునా బేరం సంగతే చెప్పాడు. ఆమె తమ వీధి దగ్గర దిగిపోతూ సంచీ అతని ఒళ్ళో పెట్టింది. "జాగ్రత్త," అంది. చక్రాల గురించే అనుకున్నాడు.

మేస్త్రీ రెండూ బిగించి, కొత్త బెల్టు ఎక్కించాడు. ఇంజను తిరిగితే వెన్నలో కత్తి దిగినట్టుంది.

"భలేవి పట్టావన్నా! ఎవరు ఏరారు?"

"మా ఆవిడే," అన్నాడు అతను. అనగానే ఎందుకో గర్వం కలిగింది. ఈ మాట ఆమెకు చెప్పాలి, ఎక్కించుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పాలి అనుకుంటూ ఇంటికి తోలాడు.

తలుపుకు తాళం ఉంది. పక్కింటి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి తాళంచెవి అందించింది.

"ఇప్పుడే, నువ్వు సందు తిరిగేముందే ఆటో ఎక్కిందయ్యా. పెట్టె కూడా ఉంది. చెల్లెలి దగ్గరికంది. ఎప్పుడొస్తావే తల్లీ అంటే, రానంది."

"ఏం, ఏమైందట?"

"నన్నడుగుతావేం? నువ్వేమన్నావో నీకే తెలియాలి."

తెలియదని చెప్పడానికి నోరు తెరిచాడు. బజారులో తానన్న మాట, ఆ ఇద్దరి నవ్వు, అప్పుడు వినిపించాయి, ఎవరో చెవిలో అరిచినట్టు.

లోపలికి వెళ్ళాడు. చిలక్కొయ్యకు ఆమె చీరలు లేవు. స్నానాలగది తలుపు ఓరగా ఉంది. అతని చేతుల మసి వదలడానికి బకెట్టు నిండా వేడినీళ్ళు పెట్టి ఉన్నాయి, పక్కన కాగితం విప్పని కొత్త సబ్బు. నీళ్ళ మీంచి ఆవిరి ఇంకా సన్నగా లేస్తూనే ఉంది.