రాజయ్య పేరు మీది మీటరు

జగిత్యాల నుంచి వనిత ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. "అమ్మా, స్కాలర్‌షిప్ లిస్టుల నా పేరు తీసేసిండ్రు. మనది ఇప్పుడు తెల్లకార్డు కాదట. దసరా లోపల కాయితమన్న తేవాలె, లేకుంటె మొత్తం పైసలన్న కట్టాలె అంటున్రు. నేను సామాను సదురుకుంటున్న" అని చెప్పి పెట్టేసింది. గంగవ్వను కాల్చింది ఆ నెమ్మదే. పద్దెనిమిదేళ్ల పిల్ల అంత తేలిగ్గా ఆశ వదులుకుంటే ఏ తల్లికి కడుపు రగలదు?

వనిత పాలిటెక్నిక్ రెండో ఏడు. సకల జనుల సమ్మెలో కాలేజీ తరగతులన్నీ బంద్. పైసలు అడిగే గది మాత్రం బంద్ కాలేదు. చదువు చెప్పడానికి అడ్డొచ్చిన సమ్మె వసూళ్లకు ఎందుకు అడ్డు రాలేదో ఆ యజమానులకే తెలియాలి.

గంగవ్వ చేటలోని బీడీలు పక్కకు నెట్టి ట్రంకుపెట్టె తెరిచింది. మొగుడు రాజయ్య పేరు మీది కార్డు తెల్లగానే ఉంది, ఎప్పటిలాగే. దాన్ని జాకెట్లో దోపుకుని ఎమ్మార్వో ఆఫీసుకు నడిచింది. ఆఫీసుకు తాళం. ఉద్యోగులంతా ఎదురుగా టెంటులో కూర్చున్నారు.

ఆమెకు సమ్మె మీద కోపం లేదు. తెలంగాణ కావాలని ఆమెకంటే గట్టిగా అన్నవాళ్లు ఆ వాడలో లేరు. మొన్న వంటావార్పు నాడు సిరిసిల్ల నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి నూరు మందికి వండిన చేతులవి. టెంటులో ఓ మూల కార్డుల పని చూసే గుమస్తా దశరథం కనబడ్డాడు. కోరుట్ల మనిషి, కాస్త మెత్తని వాడు.

"సమ్మెల ఉన్నమక్కా, ఫైలు ముట్టద్దు" అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"ఫైలు ముట్టకు సారూ. నోటితోని చెప్పు. చెప్తె సమ్మె పోదు గద."

దశరథం కార్డు తిప్పి చూశాడు. "రాజయ్య... ఆ పేరు నాకు యాదికుంది. ఎండకాలంల కొత్త రూలొచ్చింది. కరెంటోళ్ల లిస్టు, మన కార్డుల లిస్టు పక్కపక్కన వెట్టి చూసిండ్రు. పవర్ మీటరు ఎవల పేరు మీదుంటె వాళ్లు కార్ఖానా ఓనర్ల కింద లెక్క. తెల్లకార్డు రద్దు. దాంతోటి స్కాలర్‌షిప్ గూడ పోయింది. నీ చేతులున్నది ఇప్పుడు ఉత్త అట్టముక్కే."

"మా ఇంట్ల రెండు బల్బులు, ఒక ఫ్యాను సారూ. గా ఫ్యాను గూడ చేత్తోని తిప్పితెనే తిరుగుతది."

"ఇంటి మీటరు కాదక్కా. జనార్దన్ సేటు షెడ్డుల రాజయ్య పేరు మీద ఒకటున్నది."

గంగవ్వకు అప్పుడు వెలిగింది. మూడేళ్ల కింద, రాజయ్య మరమగ్గాలు నడిపే షెడ్డు యజమాని జనార్దన్ ఇంటికొచ్చి చాప మీద కూర్చుని "ఉత్త సంతకమే" అన్నాడు. సాంచెలనే ఆ మగ్గాలు నడవడానికి చిన్న మీటరైతే కరెంటు సగం ధరకే వస్తుంది. పెద్ద మీటరైతే రాదు. అందుకని జనార్దన్ ఒకే రేకుల షెడ్డును కాగితం మీద నాలుగు ముక్కలు చేశాడు. ముక్కకో మీటరు, మీటరుకో కూలివాని పేరు. రాజయ్యకు చదువు రాదు. పని ఇచ్చేవాడు అడిగితే కాదనడం అసలే రాదు. లాభం సేటుకు, ఓనరన్న పేరు రాజయ్యకు. ఆ పేరు ఇప్పుడు బిడ్డ మెడకు చుట్టుకుంది.

"ఆ మీటరు నాది, రాజయ్య నా దగ్గర కూలి మనిషి అని సేటు రాసి సంతకం వెడితె చాలు" అన్నాడు దశరథం. "సమ్మె అయిన తెల్లారే కార్డు సరిచేస్త. అప్పటిదాక ఆ కాయితం కాలేజీల సూపియ్యుండ్రి, ఆగుతరు. తక్కిన ముగ్గురిది గూడ గదే గతి. వాళ్లకింక తెల్వది."

అదే టెంటులో, అదే సమయానికి, మెడలో దండ వేసుకుని మైకు పట్టుకున్నది ఎవరనుకున్నారు? జనార్దన్ సేటే. మన నీళ్లు, మన కొలువులు దోచుకుపోయారని గొంతు చించుకుంటున్నాడు. సాంచెలు కూడా ఆగాలి, ఎవ్వరూ పనిలోకి పోవద్దు అంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దొంగే దొంగా దొంగా అని అరిస్తే గట్టిగానే వినబడుతుంది.

సేటు కిందికి దిగగానే గంగవ్వ ఎదురు నిలబడి సంగతి చెప్పింది.

"వదినె, ఇది సమయమా? ముందు తెలంగాణ రానియ్యి, అన్ని సక్కగైతయి."

"నా బిడ్డను దసరాకు ఎల్లగొడతరు. తెలంగాణ దసరాకు వస్తదా?"

"నేను రాసిస్తె నా మీటర్లన్ని పోతయి. రాజయ్య నాకు అన్నసోంటోడు, సమజ్ చేసుకో."

"అన్నైతె షెడ్డుల వాటా ఇయ్యి."

జనార్దన్ నవ్వి దండ తీసి పక్కవాని చేతికిచ్చాడు, ఇంకెవరినో పలకరిస్తూ ముందుకు పోయాడు. ఆ నవ్వు చూసి గంగవ్వకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా ఇంత మండేది కాదు.

అక్కడి నుంచి తిన్నగా షెడ్డుకు పోయింది. ముందు షట్టరుకు తాళం, దాని మీద సమ్మె పోస్టరు. వెనక తలుపు దగ్గర మాత్రం సాంచెల చప్పుడు చెవులు పగలగొడుతోంది. రాజయ్య తెగిన పోగు ముడి వేస్తూ తలెత్తాడు.

"నీ పేరు మీది మీటరేది?" అంది గంగవ్వ చెవి దగ్గర అరిచి. వనిత సంగతి కూడా అట్లాగే అరిచి చెప్పింది.

రాజయ్య పోగు వదిలేశాడు. "సంతకమే గద అనుకున్న" అన్నాడు.

"నీ సంతకం మంచిగనే ఉన్నది. గదే మన బిడ్డ సామాను సదిరిపిస్తున్నది. మీటరేదో సూపియ్యి."

అతను గోడ మీది రెండో పెట్టె చూపించాడు. గంగవ్వ మెయిన్ కిందికి గుంజింది. మూడు పింగాణీ ఫ్యూజులు ఒక్కొక్కటే ఊడబెరికి కొంగులో మూట కట్టింది. పావు షెడ్డు ఆగిపోయింది.

"ఏందే గంగవ్వా, పిస లేసిందా? మా కూలి నువ్విస్తవా?" అంటూ బుచ్చన్న మీదికొచ్చాడు. రాజయ్య పక్క సాంచెలు ఇరవై ఏళ్లుగా నడుపుతున్న మనిషి.

"మూడో మీటరు నీ పేరు మీదనే ఉన్నదన్నా. నీ తెల్లకార్డు గూడ పోయింది. నీకింక ఎవ్వలు చెప్పలే, నేను చెప్తున్న. నీ కొడుకు ఇంటరు గద? రేపు వానికి గూడ ఫోనొస్తది."

బుచ్చన్న గోడ దగ్గరికి పోయి మీటరు పెట్టెను చేత్తో తుడిచి చూశాడు, అతనికీ చదవరాకపోయినా. తర్వాత మెయిన్ గుంజి తన ఫ్యూజులు తనే పీకాడు. తక్కిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని అదే పని చేశారు. షెడ్డు నిశ్శబ్దమైంది. ఎక్కడో టెంటులోని మైకు ఇంత దూరం వినబడసాగింది.

ఎవరు మోశారో కబురు, గంటలో జనార్దన్ బండి వచ్చి ఆగింది. ఈసారి వదినె లేదు, అన్నా లేడు.

"ఎవ్వన్నడిగి బంద్ వెట్టిండ్రు? రేపటి నుంచి ఒక్కడు గూడ పనికి రావద్దు."

"పనికి రావద్దని పొద్దున మైకుల గూడ అంటివి గద సేటు" అంది గంగవ్వ. "అందరం విన్నం. సకల జనులంటె మేం గూడ అనుకున్నం. మీటర్లు నీయేనని రాసియ్యి, లేకుంటె టెంటుకు పోయి అదే మైకుల చెప్తం. సమ్మె మొదలైనకాన్నుంచి నీ షెడ్డు ఒక్క దినం ఆగలేదని చెప్తం. నువ్వు అతికిచ్చిన పోస్టరు ఎనుక సాంచెలు నడిచినయని చెప్తం."

జనార్దన్ రాజయ్య వైపు తిరిగాడు. "ఏం రాజయ్యా, నీ పెండ్లానికి నువ్వన్న చెప్పవా?"

రాజయ్య తల వంచుకునే ఉన్నాడు. మాట మాత్రం తడబడలేదు. "మీటరు నా పేరు మీదున్నది సేటు. నేనే బంద్ వెట్టమన్న."

అబద్ధమే. ఇరవై ఏళ్ల కాపురంలో గంగవ్వకు మొగుని అబద్ధం అంత ముద్దొచ్చింది అప్పుడే.

జనార్దన్ రోడ్డు వైపు చూశాడు, మైకు వినబడే వైపు చూశాడు. పళ్లు కొరుకుతూ బండి డిక్కీలోంచి లెటర్‌ప్యాడ్ తీసి నాలుగు వరుసలు గీకాడు. సంతకం పెట్టి రాజయ్య ముందు ఊపాడు. "ఇగో, నీ బిడ్డ సదువుకు అడ్డం లేదు. ఫ్యూజులు వెట్టు."

రాజయ్య చెయ్యి చాచాడు. ఆ కాగితం జగిత్యాల చేరితే వనిత పెట్టె విప్పుతుంది. గంగవ్వకూ అది లాక్కోవాలనే ఉంది. కానీ గోడవార నిలబడ్డ బుచ్చన్న ఆ కాగితం వైపు కాదు, నేల వైపు చూస్తున్నాడు.

ఆమె మొగుని చెయ్యి వెనక్కి గుంజింది.

"మీటర్లు నాలుగు సేటు. ఇంక మూడు రాయి."