చిన్న తరగతికి ఏ పుస్తకం

"తడి తువ్వాలు కుర్చీమీద ఎయ్యొద్దని ఎన్నిసార్లు సెప్పాల నీకు?" అని ఎస్తేరు మొగుణ్ణి కసిరింది.

"మంచం మీద నీ పుస్తకాలు. బల్లమీద నీ పుస్తకాలు. ఇంగ నా నెత్తిన ఏసుకోవాల్సిందే" అంటూ ఏబెల్ నిజంగానే తువ్వాలు తలమీద కప్పుకుని నిలబడ్డాడు.

వంటగది గుమ్మంలోంచి వాళ్ళమ్మ ఆనందమ్మ తొంగి చూసింది. "పెండ్లికూతురు మాదిరి ఉండావులే. పోయి తీగమీద ఆరేసిరా పో."

నవ్వొచ్చే మాటేనని ఎస్తేరుకు తెలుసు. నవ్వడానికి ఓపిక లేదు.

పుత్తూరులో వాళ్ళ చర్చికి సండేస్కూలు ఉంది. అయిదో తరగతి లోపు పిల్లలంతా ఎస్తేరు చేతికింద ఉంటారు. తిరుపతిలో డిగ్రీ చదివిందన్న ఒక్క కారణంతో, కొత్త కోడలిగా వచ్చినప్పుడే ఆ పని అప్పగించారు. ఈ ఏడు పాఠ్యపుస్తకాలు మార్చాలనుకున్న కమిటీ, ఏవి తెప్పించాలో ఆమెనే చెప్పమంది. ఏబెల్ అన్న జయరావు చర్చి సెక్రటరీ. మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. ఆయన చెయ్యి కడుక్కునేలోగా మాట తేల్చాలి.

మూడు రకాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేసింది. మెరిసే కాగితం, పేజీ తిప్పితే మంచు, మంచులో ఉన్ని టోపీల పిల్లలు. రెండోది చెన్నై నుంచి వచ్చిన బొమ్మల అట్టలు. బొమ్మలు బాగున్నాయి గాని, వెనకవైపు కథను తమిళం నుంచి మక్కికి మక్కి దించేశారు. మూడోది జయరావుకు ఇష్టమైనది. ప్రశ్నలు, జవాబులు, కంఠస్థ వాక్యాలు, ఏడాది చివర జిల్లా పరీక్ష. ఆ పరీక్షలో వచ్చిన షీల్డులు చర్చి బీరువాలో ఉంటాయి. ఆయనే స్వయంగా తుడుస్తాడు.

ఎస్తేరు దాదాపు మూడోదానికే ఒప్పుకుంది. మంచిదని కాదు. అన్నీ అచ్చువేసి ఉన్నాయి, వప్పజెప్పించుకుంటే చాలు. ఇంటిపని, అత్త మోకాళ్ళ నొప్పులు, వీటన్నిటి మధ్య అంతకుమించి చెయ్యలేననిపించింది. ఆ పుస్తకంలోని మొదటి పాఠం పొద్దున తరగతిలో చెప్పి చూసింది.

"దేవుడు పాపమును ద్వేషించును" అని పిల్లలు గోడలదిరేలా చెప్పారు. తర్వాత బిస్కెట్లు పంచుతుంటే ఒకటో తరగతి జయంతి చెయ్యి చాపలేదు. ఆ పిల్లను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ పాప అనే పిలుస్తారు.

"ఏం మే పాపా, బిస్కెట్టు వద్దా?"

"ద్వేషించును అంటే ఏందని అయిదో తరగతి మోహనక్కను అడిగినా. ఇష్టం లేదని అంట."

"అవును."

"దేవుడికి పాప అంటే ఎందుకిష్టం లేదక్కా? నేనేం చేసినాను?"

ఎస్తేరు పిల్ల పక్కన చాపమీద కూర్చుంది. "నిన్ను కాదు తల్లీ. పాపం అంటే వేరే. చెడ్డపని."

"జరమొస్తే మా అవ్వ నన్ను పాపం, పాపం అంటాది గదా?"

"అది ఇంకో పాపం."

జయంతి ఎస్తేరు చేతిలోని పుస్తకంమీద వేలు పెట్టింది. "మా తమ్ముణ్ణి అని మార్చి రాయగూడదా? వాడు కొరకతాడు."

పెద్దపిల్లలు పకపకా నవ్వారు. జయంతి నవ్వలేదు. బిస్కెట్టు తీసుకుంది గాని, తినకుండా గౌను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన పిల్లలకు ఆ వాక్యం తప్పులేకుండా వచ్చేసింది. ఇంటికి వస్తున్నంతసేపూ ఎస్తేరును తొలిచింది అదే. తన పేరు తగిలింది కాబట్టి ఈ పిల్ల అడిగింది. తగలనివాళ్ళు ఇన్నేళ్ళుగా ఏమనుకుని వప్పజెబుతున్నారో!

మధ్యాహ్నం కోడికూర, రాగిసంగటి. ముద్దలో గుంట చేసి పులుసు పోయించుకుంటూ జయరావు అడిగాడు.

"ఏమ్మా, పరీక్ష పుస్తకమే గదా? సాయంత్రం ఆర్డరు పెట్టేస్తా."

"అదే పెట్టన్నా, ఇల్లన్నా ఖాళీ అవతాది" అన్నాడు ఏబెల్.

అవునంటే అయిపోయేది. ఆ మాట ఎస్తేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు బావా. నా పిల్లోళ్ళు ఈ ఏడు పరీక్షకు రారు."

ఆనందమ్మ చేతిలో గరిటె ఆగింది.

"పరీక్ష లేకుంటే నేర్సుకున్నారని ఎట్ల తెలుస్తాది?" అన్నాడు జయరావు.

"పరీక్ష ఉంటే తెలుస్తా ఉండాదా? పొద్దున ఒక పిల్ల, దేవుడికి నేనంటే పడదనుకోని పోయింది. వాక్యం మాత్రం పొల్లు పోకుండా సెప్పింది."

"మరి షీల్డు?"

"ఈసారి రాదు."

జయరావు తమ్ముడివైపు చూశాడు. "నన్ను సూస్తావేందన్నా? తరగతి ఆమెది" అని ఏబెల్ ఎముక కొరకడంలో పడ్డాడు.

"ఆ బొమ్మల అట్టలు తెప్పించండి బావా" అంది ఎస్తేరు. "ఎనకున్న తెలుగు నేను సదవను. వారం వారం మన మాటల్లో నేనే రాసుకుంటా." చెబుతుంటేనే రాబోయే శనివారాలన్నీ ఆమె భుజాలమీదికి వచ్చి కూర్చున్నట్టయింది. "కమిటీ కాదంటే తరగతి ఇంకొకరికి ఇయ్యండి. బొమ్మల అట్టలేనని సెప్పండి కమిటీవాళ్ళకు."

చెప్పి, ఇంకో ముద్ద ఆయన పళ్ళెంలో పెట్టింది.