మొదటి రికార్డు, ఆరో ట్రాకు

“ఇంకోసారి వెయ్యి,” అన్నారు జూలుగారు.

వేశాను. ఇది నాలుగోసారి. గిటారు వచ్చింది, బేసు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి. చివరి చరణం దగ్గర ఆరో ట్రాకు మీటరు ముల్లు ఒక్కసారి ఊగి పడిపోయింది. మళ్లీ లేవలేదు. ఆ ట్రాకు ఒక్కదాన్నే పెంచితే స్పీకర్లలోంచి సన్నటి బుస తప్ప ఏమీ లేదు.

యాభై రెండు సెకన్లు. చిట్టత్త ఒక్కతే పాడిన యాభై రెండు సెకన్లు. మాయం.

“ఏం చేశావమ్మాయ్?” ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

“నేనేం చెయ్యలేదండీ.”

“మరి టేపేమైనా నడిచెళ్లి తనే చెరుపుకుందా?”

గదిలో ఐదుగురం ఉన్నాం. మిషన్ ముందు నేను. సోఫాలో బ్యాండు గాయకుడు జూలుగారు. ఒకప్పుడు భుజాల దాకా జుట్టు ఉండేదని ఆ పేరు పెట్టారు. జుట్టు మొత్తం ఊడింది, పేరు మాత్రం ఊడలేదు. ఆయన పక్కన డ్రమ్ములు వాయించే డప్పు బాబాయ్, ఆయన చిట్టత్తకి అన్న. తలుపు దగ్గర ఫోను చేతిలో పట్టుకుని రికార్డు కంపెనీ మేనేజరు. మూలన స్టూలు మీద మా మావయ్య. ఈ స్టూడియో ఆయనదే. ఈ టేపు మీదున్న, వీళ్ల మొదటి రికార్డు పట్టింది కూడా ఆయనే. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. చెవిలో మిషన్ పెట్టుకుంటే సగం, పెట్టుకోకపోతే పావు వినిపిస్తుంది.

చిట్టత్త పోయి రెండు నెలలైంది. బ్యాండులో ఆవిడ పాడింది ఆ మొదటి రికార్డు ఒక్కదాంట్లోనే. అందులోనూ ఆ చరణం గిటార్ల కింద నలిగిపోయి, ఎవరో పక్కింట్లో పాడుతున్నట్టు ఉంటుంది. విడిగా, శుభ్రంగా ఉన్నది ఈ అసలు టేపు ఆరో ట్రాకులోనే. ఏడు రికార్డుల్నీ కొత్తగా కలిపి ఒకే పెట్టెలో తేవాలని, ఈసారి ఆవిడ గొంతు పైకి తేవాలని, అట్ట మీద పేరు వెయ్యాలని కంపెనీ ఒప్పుకుంది. పని నా చేతిలో పెట్టింది.

“మేడమ్, మీరు దాన్ని ఓవెన్‌లో పెట్టారు,” అన్నాడు మేనేజరు. “రెండు రోజులు. రొట్టెలాగా.”

“పాత టేపుకి తేమ పడుతుందండీ. సన్నటి సెగలో ఆరబెట్టకుండా మిషన్ ఎక్కిస్తే పైపొర రాలిపోతుంది. అందరూ చేసేదే. మిగతా ఆరింటినీ అలాగే ఆరబెట్టాను, అవి బాగానే ఉన్నాయిగా? అయినా వేడికి చెరిగితే ఎనిమిది ట్రాకులూ చెరగాలి. ఒక్క ట్రాకులో ఒక్క చరణాన్ని వేడి ఏరుకుని తినదు.”

“అంటే ఎవరో మీట నొక్కారు.”

“అవును.”

“పొద్దున మేం వచ్చేసరికి టేపు మిషన్ మీద ఉంది. గంటసేపు మీరొక్కరే ఉన్నారు.”

నిజమే. గంటా పది నిమిషాలు నేనొక్కదాన్నే ఉన్నాను. టేపుని శుభ్రంగా చుట్టి, మొదటి పాటలో ఒక నిమిషం విని, మీటర్లు సరిచేసుకున్నాను. మావయ్య తన మిషన్‌ని చిత్రంగా మార్చుకున్నాడు. టేపు తిరుగుతుండగా ట్రాకు కింద ఎర్రమీట ఒక్కసారి నొక్కితే చాలు, ఆ ట్రాకులో రికార్డింగు మొదలైపోతుంది. మైకు లేకపోతే ఉన్నది చెరిగి శూన్యం మిగులుతుంది. మళ్లీ అడగదు, హెచ్చరించదు. మోచెయ్యి తగిలినా చాలు.

“పోనీలే జూలూ,” అన్నాడు డప్పు బాబాయ్. “చిన్నపిల్ల. మూడు వారాలుగా సరిగా నిద్ర కూడా లేదు. చెయ్యి తగిలి ఉంటుంది. మా చిట్టి ఉంటే తనే సరేలెమ్మనేది.”

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గదిలో నా తరఫున మాట్లాడింది ఆయనొక్కడే. ఆ ఒక్క మాటతో తప్పు నాదేనని తేలిపోయింది కూడా.

మేనేజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఏడు టేపులూ ఇవాళే పట్టుకెళ్తాను. ఏం జరిగిందో రాసివ్వాలి నేను. స్టూడియో పేరు, మీ పేరు. ఏమనుకోకండి.”

ఏమనుకోవాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు లోకమంతా కలిపి ఒక బస్సుకి సరిపోరు. టేపు చెరిపిందని ఒక్కసారి పేరు పడితే ఎవరూ నా చేతికి రీలు ఇవ్వరు. ఈ గది మూసుకోవాల్సిందే. మావయ్య మూల నుంచి నా పెదాలు చూస్తున్నాడు, ఏమంటున్నానో అని.

“అరగంట ఇవ్వండి,” అన్నాను. “టేపు మీరు చూస్తుండగానే వింటాను. ఏ మీటా ముట్టుకోను.”

“విని ఏం చేస్తావు? ఏమీ లేదుగా వినడానికి.”

“ఏమీ లేకపోవడాన్నే వింటాను.”

జూలుగారు చెయ్యి ఊపారు, నీ ఇష్టం అన్నట్టు. ఆయన కూడా అలిసిపోయారు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మూడు వారాలుగా నా చెవుల్లో ఈ బ్యాండు తప్ప ఇంకేం లేదు. వీళ్ల అభిమానులు రెండు ముఠాలు. మొదటి రికార్డే అసలు రికార్డు, తర్వాతవన్నీ దండగ అని ఒక ముఠా. మొదటిది కుర్రతనం, నాలుగోదానికి గానీ వీళ్లకి వాయించడం రాలేదని రెండోది. నేను విన్నంతలో ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మొదటిదాంట్లో డప్పు బాబాయ్ ప్రతి పాటలోనూ పరిగెత్తుతాడు. గిటారు శ్రుతి రెండు చోట్ల జారింది. జూలుగారు ఒక పాటలో మాట మర్చిపోయి ఊ అనేశారు. కానీ పాట వెనక ఒక ఆడగొంతు ఉంటుంది. ప్రతి వరుసకీ అరక్షణం ఆలస్యంగా వచ్చి, చివరి అక్షరాన్ని కిందికి లాగి వదులుతుంది. ఎవరో వెనకాల నడుస్తూ అడుగు కలపనట్టు. డ్రమ్ములు పరిగెత్తేది ఆ గొంతుని ముందుకు లాగడానికే.

రెండో రికార్డు నుంచి అది లేదు. బ్యాండుకి ఇద్దరు గాయకులు వద్దని జూలుగారు అన్నారు, చిట్టత్త మానేసింది. నాలుగోదాంట్లో ఆ ఖాళీ పూడ్చడానికి పన్నెండుమంది కోరస్ పెట్టారు. ఐదోదాంట్లో వయొలిన్లు. డ్రమ్ములు గడియారంలా నడుస్తాయి. ఎక్కడా తప్పు లేదు. ఒక్కటి కూడా రెండోసారి వినాలనిపించదు.

ఈ ఏడు రీళ్లూ మావయ్య ఇనప బీరువాలోనే ఉన్నాయి ఇన్నాళ్లూ. వాటి విషయంలో మావయ్యకి ఒక పట్టుదల ఉంది. టేపు విన్నాక వెనక్కి చుట్టకూడదు. చివర పైకి వచ్చినట్టే పెట్టెలో పెట్టాలి. మళ్లీ వినేముందు చుట్టుకోవాలి. పోయిన వారం రెండో రీలు వినడం అయ్యాక డప్పు బాబాయ్ “సర్దిపెడతానుండు” అని మొత్తం వెనక్కి చుట్టేశాడు. కుర్రతనంలో రేడియోలో టేపులు అందించే ఉద్యోగం ఆయనది. అక్కడ మొదలు పైకి ఉండాలి, అనౌన్సరు అడగ్గానే పాట రావాలి. మావయ్య గంటసేపు తిట్టాడు.

“నలభై ఏళ్లయినా నీ రేడియో బుద్ధి పోలేదురా!”

“చెవుడు వచ్చినా నీ నోరు పోలేదు, అది చూసుకో.”

ఆ పట్టుదల వెనక కారణం ఉంది. టేపు చుట్టగా ఉన్నప్పుడు ఒక పొరలోని శబ్దం పక్క పొరకి కొద్దిగా అంటుకుంటుంది, నీడలాగా. గట్టిగా పడాలంటే ఏళ్లు పడుతుంది. చివర పైకి ఉంటే ఆ నీడ మాట తర్వాత పడుతుంది, అసలు మాటలో కలిసిపోయి ఎవరికీ తెలీదు. వెనక్కి చుట్టి పెడితే మాట కంటే ముందే వినిపిస్తుంది. దయ్యం ముందొచ్చి మనిషి వెనకొచ్చినట్టు.

చెరిగిన చోటు మొదలు నుంచి విన్నాను. బుస. చరణం పొడవునా బుస. ఆ చెరుపు పాట చివర ఆగలేదు, తర్వాతి పాట అంచు దాకా పాకింది. తర్వాతి పాట చిట్టత్త కేకతోనే మొదలవుతుంది. ఆ కేకకి సెకనున్నర ముందు, ఖాళీలో, ఏదో కదిలింది.

మళ్లీ విన్నాను. చిట్టత్త కేకే. సూదిమొనంత. అసలు కేక కంటే ముందు.

హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్లలో పెట్టాను, ధ్వని చివరి దాకా పెంచి.

“ఇది వినండి.”

విన్నారు. మేనేజరు మొహం చిట్లించాడు. “ఏదో గుసగుస.”

“తర్వాతి పాట నీడ అది. చెరిగిన చోట పడింది. నేను పొద్దున చెరిపి ఉంటే ఇక్కడ ఏమీ ఉండకూడదు. ఇంత నీడ పడాలంటే చెరిగాక ఈ టేపు ఏళ్ల తరబడి చుట్టగా ఉండాలి. కావాలంటే మీకు నమ్మకమున్న ఏ ఇంజనీరునైనా పిలిపించండి, ఇదే చెప్తారు. చెరిగింది ఇవాళ కాదండీ. నేను పుట్టకముందు.”

మేనేజరు ఒకటికి రెండుసార్లు వేయించుకుని విన్నాడు. తర్వాత మెల్లగా తల తిప్పి మూలనున్న స్టూలు వైపు చూశాడు. “అప్పుడు ఈ మిషన్ ముందు కూర్చున్నది మీరే కదండీ?”

మావయ్య లేచి నిలబడ్డాడు. మోకాళ్లు పట్టుకుని, రెండు విడతలుగా.

“నేనే,” అన్నాడు. “నేనే చెరిపాను. చెయ్యి తగిలింది. భయపడి చెప్పలేదు. రాసుకో బాబూ.”

“మావయ్యా!”

“నువ్వూరుకో అమ్మడూ. నా చెవులెలాగూ పోయాయి, పేరుతో నాకేం పని? రాసుకోమను.”

జూలుగారు తలదించుకున్నారు. డప్పు బాబాయ్ కళ్లద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. అవి ఎప్పుడో శుభ్రపడ్డాయి.

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. నా మీద నింద పోయింది. మావయ్య తనంతట తనే ఒప్పుకున్నాడు. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది, ఒక వారం పాటు ఏ శబ్దమూ వినకుండా. కానీ నాకు పదేళ్లప్పుడు ఒక టేపు వెనక్కి చుట్టబోతే ఈయన వేళ్ల మీద కొట్టాడు. జీవితంలో ఇంకెప్పుడూ నా మీద చెయ్యెత్తలేదు.

“అబద్ధం,” అన్నాను. “నీడ కేక కంటే ముందుంది. అంటే చెరిగిన రోజు నుంచీ ఈ రీలు వెనక్కి చుట్టే ఉంది. మా మావయ్య పట్టిన మిగతా ఆరు రీళ్లలోనూ నీడ తర్వాతే వస్తుంది. తప్పు చేసి దాచాలనుకున్నా సరే, ఈయన చేత్తో టేపు వెనక్కి చుట్టడు.”

“మరి?” అన్నాడు మేనేజరు.

ఆరు రీళ్లనీ ముందే కంప్యూటర్లోకి ఎక్కించాను కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రెండో రికార్డు, నాలుగో పాట. వెనక గొంతు ఒక్కదాన్నే వినిపించాను. మగగొంతు. అరక్షణం ఆలస్యం. చివరి అక్షరం కిందికి లాగి వదలడం.

“జూలుగారూ, ఇదెవరు?”

“డప్పే.” ఆయన మొహంలో ఏదో సడలింది. “చిట్టి మానేశాక ఆ రెండో గొంతు నేనే పాడతానని పట్టుబట్టాడు. వద్దన్నాను. ఒక్క పాటకి ఒప్పుకున్నాను.”

“అచ్చం ఆవిడలాగే ఉంది. ఎలా నేర్చుకున్నారు?”

“ఎలా ఏముంది? మధ్యాహ్నాలు మీ మావయ్య భోజనానికి వెళ్లినప్పుడు ఇక్కడికొచ్చి, మొదటి టేపు పెట్టుకుని, చిట్టి గొంతు ఆపేసి తను పాడుకుంటూ...” మాట మధ్యలో ఆగిపోయారు.

చిట్టి గొంతు ఆపేసి. రేడియో మిషన్లలో ఎర్రమీట నొక్కితే శబ్దం ఆగుతుంది. మావయ్య మార్చుకున్న ఈ మిషన్‌లో చెరిగిపోతుంది. పాడుకోవడానికి నొక్కాడు. పాడుతున్నంతసేపూ చెల్లెలి గొంతు మాయమైపోతూనే ఉంది. పాటయ్యాక ఎప్పటిలాగే ఒద్దికగా వెనక్కి చుట్టి పెట్టెలో పెట్టాడు. తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం మళ్లీ పెట్టుకుని విని ఉంటాడు. విన్నాక మళ్లీ ఎప్పుడూ ఆ పెట్టె తెరవలేదు. మూడో రికార్డు నుంచి ఆయన గొంతు ఎక్కడా వినిపించదు.

మావయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. “వదిలెయ్ అమ్మడూ. వాడి చెల్లెలు పోయి రెండు నెలలే అయింది.”

అంటే ఈయనకి ముందే తెలుసు. ఎంతకాలంగా తెలుసో అడిగే ఓపిక కూడా నాకు లేదు.

డప్పు బాబాయ్ తలెత్తి చూశాడు. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతికి పుల్లలిచ్చి డ్రమ్ము వాయించనిచ్చిన మనిషి. అరగంట క్రితం చెయ్యి తగిలి ఉంటుందిలే అని నా మీదికి తోసేసిన మనిషి. ఏమైనా చెప్తాడేమో అని చూశాను. కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

మేనేజరు కాగితం తీసి పెన్ను మూత విప్పాడు. “ఎవరి పేరు రాయమంటారు మేడమ్?”

“మా మావయ్యది కొట్టెయ్యండి,” అన్నాను. “చెరిపింది డప్పు బాబాయ్.”