చెట్టును చుట్టి వెళ్లిన జాడ

పొయ్యి ఆర్పడంలో వెర్లిన్ స్టాడర్డ్‌ను మించినవాడు ఐడహో అడవుల్లో లేడు. ఆ మాట అతనే చెబుతాడు, ఇంకొకరికి అవకాశం ఇవ్వడు. శనివారం ఉదయం డేరాల దగ్గర కాఫీలూ పాన్‌కేకులూ అయ్యాక, రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, పారతో కలియబెట్టి, ఆ బూడిద బురదలో వట్టి చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు.

"చెయ్యి పెట్టలేని పొయ్యిని వదిలేసి పోకూడదు. వెచ్చగా తగిలినా ఇంకో బకెట్ పోయాల్సిందే," అన్నాడు చుట్టూ నిలబడ్డ పన్నెండు మందితో.

"పోశావు, కలిపావు, కెలికావు," అంది అతని భార్య లవాన్, పెనం తుడుస్తూ. "ఇంక పౌడర్ రాసి పడుకోబెట్టు."

అందరూ నవ్వారు. వెర్లిన్ నవ్వలేదు. మామూలుగా అయితే పెళ్లాం వేళాకోళానికి అందరికంటే ముందు నవ్వేది అతనే. కానీ పది గంటలకు అటవీ అధికారి వస్తోంది. కిందటేడు ఎవడో దారి పక్క పచ్చికలో బండి తోలినందుకు ఆఫీసువాళ్లు ఉత్తరం రాశారు: పచ్చికలో ఇంకొక్క కొత్త జాడ కనిపించినా టామరాక్ దారిని ఇంజన్ బళ్లకు మూసేస్తాం అని. ఆ దారి వెర్లిన్ ప్రాణం. ముప్పై ఏళ్లుగా అడవి దారుల్లో బళ్లు నడిపే ఈ సంఘానికి అధ్యక్షుడిగా ఉండి, దాని ప్రతి వంపులోనూ రాళ్లు మోశాడు.

ఇప్పుడు పచ్చికలో కొత్త జాడ ఉంది. అది పడినచోటు వెర్లిన్‌కు బాగా తెలుసు. ఎందుకంటే ఆ జాడ అతనిదే.

ఖర్మ కాకపోతే ఏమిటి! పది రోజుల కిందట, మంచు కరిగాక దారి ఎలా ఉందో చూడాలని ఒక్కడే వెళ్లాడు. రెండో మైలు దగ్గర నడుమంత లావు పైన్ చెట్టు అడ్డంగా పడి ఉంది. అలాంటప్పుడు చెయ్యాల్సింది రెండే: కోసి పక్కకు దొర్లించాలి, లేదా వెనక్కి తిరగాలి. చుట్టూ తిరిగి పోకూడదు. "ఒకడు చుట్టి వెళితే పదిమంది వెళతారు, పదిమంది వెళితే అదే దారి అవుతుంది" అని దారి మొదట్లో బోర్డు మీద తెల్లరంగుతో రాసింది సాక్షాత్తూ ఈ వెర్లినే. బండి వెనక కట్టుకున్న మోటారు రంపం దించి, దాన్ని లేపడానికి తాడు లాగాడు. కుడి భుజంలో కత్తి దిగినట్టయింది. నాలుగుసార్లు లాగాడు. రంపం దగ్గింది తప్ప లేవలేదు. వెనక్కి తిరిగితే చెట్టు ఎందుకు కొయ్యలేదని అడుగుతారు. ఏమని చెబుతాడు? అటూ ఇటూ చూసి, ముప్పై అడుగుల పచ్చిక, అందులోనూ బురద, దాని మీదుగా పోనిచ్చాడు. ఒక్క బండి, ఒక్క జాడ, ఒక వాన పడితే పోతుందని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. లవాన్‌కు కూడా చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం మిగతావాళ్లంతా ఆ దారి చివరిదాకా వెళ్లి వచ్చారు. వెర్లిన్ కడుపు బాగాలేదని డేరాలోనే ఉండిపోయాడు.

"అన్నట్టు ఆ కొత్త మలుపు భలే ఉందోయ్," అన్నాడు ఆర్డెన్, పాత దోస్తు, కాఫీ కప్పు ఊపుతూ. "ఆఫీసువాళ్లు పర్మిషన్ ఎప్పుడిచ్చారు? మాకొక్క ముక్క చెప్పలేదే!"

"ఏ మలుపు?" అన్నాడు వెర్లిన్.

"అదేనయ్యా, పడిన చెట్టు దగ్గర. పచ్చికలోకి దిగాలా వద్దా అని కాసేపు ఆగాం. కింద చూస్తే నీ టైరు గుర్తు. ఆ చిన్న చిన్న గళ్ల ముసలి టైరు ఈ జిల్లాలో ఇంకెవడు వేస్తాడు? వెర్లిన్ వెళ్లాడంటే అది దారే అనుకుని అందరం పోనిచ్చాం."

"అందరూనా?"

"అందరమూ. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ."

ముప్పై ఏళ్లు తన మాట ఎవడూ వినడం లేదని వెర్లిన్ మొత్తుకున్నాడు. విన్నారు పాపం, వినకూడని రోజున! పన్నెండు బళ్లు రెండుసార్లు తొక్కితే ఆ పచ్చిక ఏమై ఉంటుందో తలుచుకున్నాడు. చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టలేదు. లవాన్ పెనం పక్కన పెట్టి, కళ్లు చిన్నవి చేసి మొగుడి వైపు చూసింది.

"పర్మిషన్ లేదా?" అన్నాడు ఆర్డెన్, గొంతు తగ్గించి. "సరేలే, కంగారు పడకు. ఎల్క్ జింకల మంద తొక్కిందని చెబుదాం."

"టైర్లు వేసుకున్న మందా?" అంది లవాన్.

అంతలోనే ఆకుపచ్చ పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అధికారి ట్రెవిన్యోకు ముప్పై ఏళ్లుంటాయి, తక్కువ మాట్లాడుతుంది. దారి చూసే వస్తోందని ఆమె బూట్ల బురదే చెప్పింది.

"వెర్లిన్ గారూ, పచ్చికలో చక్రాల గాడి నిండా నీళ్లు నిలిచాయి," అంది. "ఎవరు చేశారో కనుక్కోగలరా? బయటివాళ్లయితే సంఘం మీదికి రాకుండా చూస్తాను."

ఇంత తేలికైన అబద్ధం వెర్లిన్‌కు జన్మలో దొరకలేదు. ఊఁ అంటే చాలు. పన్నెండు మందీ నేల చూపులు చూస్తున్నారు. అతను టోపీ తీశాడు.

"మొదట వెళ్లింది నేనమ్మా. వీళ్లు నా జాడ చూసి వచ్చారు. తప్పు వాళ్లది కాదు."

"మీరా? చెట్టు కొయ్యలేదేం?"

"రంపం తాడు లాగలేకపోయాను." "భుజం పోయింది. చలికాలం నుంచీ ఇంతే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది వెర్లిన్‌కు.

"చలికాలం నుంచా?" అంది లవాన్. "నలభై నాలుగేళ్లు కాపురం చేశాను. భుజం నొప్పని నాకు చెప్పడానికి సిగ్గేసింది గానీ, వెళ్లి పచ్చికలో రాసొచ్చావా?" కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"దారి మూయక తప్పదు," అంది ట్రెవిన్యో. "ఈ వేసవికి మాత్రం. గడ్డి మళ్లీ లేస్తే వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా ఆ చెట్టు కొయ్యాలి, లేకపోతే కాలినడక వాళ్లు కూడా చుట్టూ తిరుగుతారు."

పారలూ రంపమూ పట్టుకుని అందరూ నడిచే వెళ్లారు. చెట్టు దగ్గర రంపం నేల మీద పెట్టాక ఎవరూ కదల్లేదు. దారిలో మొదటి కోత ఎప్పుడూ వెర్లిన్‌దే, అదొక మర్యాద. పచ్చికలో అడుగు లోతు గాడి చూసి వెర్లిన్ ఏడుపు ఆపుకున్నాడు. తర్వాత వంగి, ఎడమ చేత్తో రంపం ఎత్తి లవాన్‌కు ఇచ్చాడు.

ఆమె దాన్ని నేల మీద పెట్టి, బూటుతో తొక్కిపట్టి, తాడు లాగింది. ఒక్క లాగుడుకే లేచింది.

"కాళ్లు ఎడంగా పెట్టు! పైనుంచి కాదు, ముందు ఇటు పక్క..." అని అరిచాడు వెర్లిన్.

"ముప్పై ఏళ్లు నువ్వు కోస్తుంటే చూసింది నేను కాదా?" అని రంపం చప్పుడుకు మించి అరిచింది లవాన్. "అవతలికి జరుగు, చెక్కపొట్టు కళ్లలో పడుతుంది!"

వెర్లిన్ అవతలికి జరిగాడు.