కాగితం మీద ఇరవై తొమ్మిది

నా వయసు ముప్పై రెండు. ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది గానీ, నమ్మే నాథుడు లేడు.

"ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి కువైట్ పంపకూడదు ధరణమ్మా. గవర్నమెంటు రూలు. కంప్యూటరే తీసుకోట్లేదు," అన్నాడు మాచర్లలో వీసాలు చూసే నాగూర్ వలి. పాస్‌పోర్టు ప్రకారం నాకు ఇరవై తొమ్మిదేనట. "ఒక్క ఏడాది ఆగరాదూ?"

ఏడాదా! అక్కడ మా పిన్ని రాజేశ్వరి పనిచేసే ఇంటివాళ్ళు ఈ నెలాఖరు దాకే చూస్తామన్నారు. ఆ పని దొరికితే మా ఆయన బెల్టుకు అందనంత దూరం పోతాను. పుట్టింటికి పోతే ఏముంది, సర్దుకుపొమ్మని మూడో రోజే నాన్న మళ్ళీ దిగబెట్టి వస్తాడు.

అసలు ఇదంతా మా నాన్న చెన్నకేశవులు చేసిన ఘనకార్యం. ఎనిమిదేళ్ళ దాన్ని బళ్ళో వేస్తూ ఐదేళ్ళని రాయించాడు. ఆ లెక్కే పాస్‌పోర్టులోకీ ఎక్కింది. ఎందుకయ్యా అంటే, రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే మూడేళ్ళు ఎక్కువ చేసుకోవచ్చట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించి పెళ్ళి చేసింది కూడా ఆయనే.

వయసు దిద్దించడానికి నాన్నని బడికి లాక్కెళ్ళాను. అప్పట్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారే ఇప్పుడక్కడ హెడ్‌మాస్టరు. ఊళ్ళో ఎవరి ముందూ తగ్గని నాన్న చేతులు కట్టుకుని, "అబద్ధం చెప్పి రాయించానయ్యా. తప్పు నాదే," అన్నాడు.

"అప్పుడు చెప్పింది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని ఏంది గ్యారంటీ? మార్చడం నా చేతిలో లేదు. కోర్టుకెళ్ళండి." ఆయన నా వైపు తిరిగాడు. "అయినా ఆ రూలు మీ మంచికే కదమ్మా. చిన్నవయసు వాళ్ళని ఆ ఇళ్ళల్లో చానా బాధలు పెడతారంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, మొన్నటి బెల్టు వాత చూపించాను.

"సరే సార్, మీ రిజిస్టరే నిజం. నా పెళ్ళినాటికి నాకెన్నేళ్ళో లెక్క కట్టండి."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"పద్నాలుగు," అన్నాడు చివరికి.

"మీరూ వచ్చి అక్షింతలేశారు గదా. ఆ రోజు ఏ రూలూ గుర్తుకు రాలేదే!"

ఆయన రిజిస్టరు మూసి బీరువాలో పెట్టేశాడు. నాన్న తల వంచుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఇంటికి పోదాం పదమ్మా," అన్నాడు.

"ఏ ఇంటికి నాన్నా?" అన్నాను.